గోల్ పడని కీపరు

బోడికొండపాలెం,
22 జనవరి 2024

విక్టరూ,

మీ అక్క వందనాలు. ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం.

ఈ రోజుల్లో ఉత్తరమేందమ్మా అని రమ్య నన్ను ఎగతాళి చేస్తాంది. ఏం చేసేది. ఫోన్ చేస్తే నీకు వినపడదు. మరదలు మధ్యలో ఉండి చెప్తే నేననేది ఒకటి, నీకు చేరేది ఒకటి. క్రిస్మస్‌కు కందిపప్పు పంపుతానంటే కందిరీగలు ఎక్కడ కుట్టినాయని అడిగినావంట. అందుకే రాస్తున్నా.

శనగ ఈ ఏడు పర్వాలేదు. బోరు అడుగంటింది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తాయంటున్నారు. వచ్చినప్పుడు చూస్తాం.

మన హాకీ జట్టు ఈస్టరు పోటీలకు మార్కాపురం పోతాంది. కొత్త కీపరు దొరికినాడు. పేరు పవన్ కుమార్. ఊరు దొనకొండ పక్క. ఇక్కడ సబ్‌స్టేషన్లో షిఫ్ట్ ఆపరేటరు. ఇప్పటికి మూడు మ్యాచ్‌లు ఆడినాడు, ఒక్క గోల్ పడలేదు. దాంతో ఊర్లో పంచాయితీ మొదలైంది. చర్చి బయట అదే మాట, టీ దుకాణం కాడ అదే మాట. నాయన గొప్పా, నువ్వు గొప్పా, మీ బావ గొప్పా, ఈ పిల్లోడు గొప్పా అని. నాయన ఆట చూసినోళ్లు ఊర్లో ఇద్దరే మిగిలినారు. వాళ్లిద్దరికీ పొలం గట్టు తగాదా, ఒకరు అవునంటే ఇంకొకరు కాదంటారు. నువ్వైతే నాయన ఆట చూసినావు, నువ్వు ఆడినావు, మీ బావ ఆట చూసినావు. అందుకే విక్టర్‌ను అడగండి అన్నారు. మరదలి ఫోన్‌కు రమ్య వీడియో పంపింది. ముగ్గురి పక్కన ఇతన్ని నిలబెట్టి చూసి రాయి. ఏదీ దాచిపెట్టొద్దు. ఇక్కడ మనుషులు మాటలు మానుకునేదాకా వచ్చింది.

ఇంకో మాట. ఈ పవన్‌కే మన రమ్యను అడుగుతున్నారు. బాల్ తగిలి గడ్డం కింద చీరుకుంటే రమ్య నర్సుగా చేసే ఆస్పత్రికి పోయినాడంట. కుట్లు విప్పించుకునేదానికి ఒకసారి పోతే చాలు, వారం వారం పోయినాడు. వాళ్లమ్మ అలివేలమ్మ వచ్చి అడిగిపోయింది. మీ బావ పోయి మూడేండ్లయింది. ఇంక నా పక్కన నిలబడి అవుననో కాదనో అనాల్సినోడివి మేనమామవి నువ్వే. పిల్లోడు ఎట్లాంటోడో నీ మాట కావాలి.

కాగితం అయిపోయింది.

మీ అక్క
విజయమ్మ


గుంతకల్లు,
4 ఫిబ్రవరి 2024

అక్కా,

వందనాలు. మోకాళ్లు తప్ప మిగతా నేనంతా బాగున్నా.

వీడియో చూసినా. మీ మరదలు తన ఫోన్ తనకు కావాలని లాక్కునేదాకా చూసినా. కీపర్లను పోల్చడమంటే తమాషా పని కాదు. ఒకడి ముందు అడ్డుకునే మంచి బ్యాక్‌లుంటారు, ఇంకొకడి ముందు బీడీలు తాగే బ్యాక్‌లుంటారు. అదంతా లెక్కలోకి తీసుకోవాలి.

ముందు నాయన. నాయనకు ప్యాడ్లు లేవు. గోనెపట్టాలో కొబ్బరిపీచు కుక్కి కాళ్లకు కట్టుకునేవాడు. మైదానంలో గడ్డి కంటే పల్లేరుకాయలు ఎక్కువ కాబట్టి కింద పడేవాడు కాదు. ముందుకురికి బాల్‌ను గోల్ ముందు గీసిన డీ అంచునే తన్నేవాడు. రాజరత్నం వస్తున్నాడంటే సగం మంది కొట్టాల్సింది కొట్టకుండా పక్కోడికి ఇచ్చేసేవాళ్లు. అట్లాంటి కీపరు మళ్లీ రాలేదు.

రెండోది నేను. నా గురించి నేను చెప్పుకోకూడదు కాబట్టి కొంచెమే చెప్తా. కంభంలో ఆడినప్పుడు మన బ్యాక్‌లిద్దరూ ఎండకు తాళలేక వేపచెట్టు నీడకు జరిగితే సగం ఆట నేనొక్కణ్ణే ఆపినా. నేను ఎడమకు దూకితే చూసేదానికి కొమరోలు నుంచి మనుషులు వచ్చేవాళ్లు. మోచేతుల మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మీ మరదలు అవి దద్దుర్లనుకుంటాంది. ఇంకొక మాట, నాయన గానీ నేను గానీ గోల్లో ఉన్నంతసేపు నోరు తెరిచింది లేదు. మనది తక్కువ మాట్లాడే వంశం, నువ్వు తప్ప.

మూడోది బావ. ఇమ్మానుయేలు బావ చెడ్డ కీపరు కాదు. ఓపిక ఉంది. అయితే వాగుడెక్కువ. మొదటి విజిల్ నుంచి ఆఖరి విజిల్ దాకా అరుస్తానే ఉండేవాడు. కీపరుకు పని కాళ్లతో, నోటితో కాదు. ఆయన తర్వాత నిలబడినోళ్ల గురించి రాసి కాగితం పాడుచేయను.

ఇప్పుడు ఈ పిల్లోడు. నిలబడతాడు, అంతే. గుంజకు ప్యాడ్లు కట్టినట్టున్నాడు. మొత్తం మీద అతని దాకా వచ్చినవి రెండో మూడో, అవీ పాకుతా వచ్చినాయి. బాల్ రాకుండా చేస్తున్నది ముందున్న బ్యాక్‌లు నాగులు, ఎర్రయ్య. ఎదుటోడు ఎక్కడికి పోతాడో అక్కడ ముందే ఉంటున్నారు, చూడ ముచ్చటేస్తుంది. గోల్ పడలేదని కీపరును పొగడటం, దొంగలు రాని ఊర్లో కుక్కను పొగిడినట్టు.

కాబట్టి ఇప్పుడే ఏమీ చెప్పలేం. ఇంకా చూడాలి. తొందరపడొద్దని అందరికీ చెప్పు.

రమ్యకు దీవెనలు.

తమ్ముడు
విక్టర్


బోడికొండపాలెం,
20 ఫిబ్రవరి 2024

విక్టర్‌కు,

నీ ఉత్తరం వచ్చిన పూటే అలివేలమ్మ వచ్చింది. దొనకొండ నుంచి రైల్లో, ఒక డజను అరటిపండ్లు పట్టుకుని. మేనమామ ఏం రాసినాడో చదవమ్మా అంది. నా కళ్లద్దాలు కనపడలేదు. ఇటివ్వమని ఆమే చదువుకుంది.

గుంజకు ప్యాడ్లు కట్టినట్టు అన్న కాడ ఆగి మంచినీళ్లు అడిగింది. దొంగలు రాని ఊర్లో కుక్క అన్న కాడ చెప్పులేసుకుంది. ఇంకా చూడాలి, తొందరపడొద్దు అన్నది నిలబడి చదివింది. "చూసుకోనీలేమ్మా, తొందరేముంది" అని పోయింది. అరటిపండ్లు మాత్రం పెట్టిపోయింది. మంచి మనిషి.

ఇప్పుడు పామూరులో ఏదో సంబంధం చూస్తున్నారంట. రమ్య "మామ కుక్క అన్నాడా" అని ఒక్కమాట అడిగింది. ఆ మాట అన్నది పవన్‌ను కాదు, పోలిక కోసం అన్నాడు అని చెప్పినా. "పోలిక ఎవరితో" అంది. అప్పటి నుంచి డ్యూటీ అని మార్కాపురంలోనే ఉండిపోతాంది.

నీ మనసులో ఏముందో నాకు తెలుసు. నీకు పెండ్లి కావాల్సిన కొడుకున్నాడు. మేనరికం అడగాలనుంటే సూటిగా అడుగు, నేనేమన్నా తలుపేసుకున్నానా. దాని కోసం పరాయి పిల్లోణ్ణి గుంజను చేయాల్సిన పనిలేదు.

మీ బావ వాగుడు గురించి రాసినావు. ఆయన ఇంట్లో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. కూరలో ఉప్పు లేకపోయినా గమ్మున తినేవాడు. ఉన్న మాటలన్నీ ఆ గోల్లోనే అయిపోయేవేమో. నాకు మిగలలేదు. అయినా పోయినోడి నోటి గురించి ఇప్పుడెందుకు.

కందిపప్పు పురుగు పట్టింది. ఎండబెట్టినా.

విజయమ్మ


గుంతకల్లు,
3 మార్చి 2024

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలు కూడా చదివింది. ఇంట్లో నాకు టీ రావడంలేదు.

నువ్వు కీపరు గురించి పేజీ నిండా రాసినావు. పెండ్లి గురించి కాగితం చివర కొసరు రాసినావు. నేను పెద్ద ప్రశ్నకు జవాబిచ్చినా. రమ్యకు ఆ పిల్లోడు నచ్చినాడా లేదా అన్నది రమ్యకు తెలుస్తుంది, దానికి గుంతకల్లు నుంచి నా సలహా దేనికి అనుకున్నా. ఇంకా చూడాలన్నది అతని ఆటను.

ఇక నా కొడుకు సంగతి. వాడు దెబ్బ తగులుతుందని క్యారమ్స్ కూడా ఆడనోడు. పైగా బెంగళూరులో ఎవరో పిల్లతో తిరుగుతున్నాడు. వాళ్లమ్మకు తెలుసు. నాకు తెలియదని ఆమె అనుకుంటాంది. తెలిసినట్టు నువ్వు కూడా చెప్పొద్దు.

అలివేలమ్మగారికి నేను విడిగా ఉత్తరం రాసినా. అడ్రసు ఇక్కడ రైల్వే స్టేషన్లో పనిచేసే దొనకొండ మనిషిని అడిగి తెలుసుకున్నా. "అమ్మా, మీ అబ్బాయి కీపరుగా ఎట్లున్నా మనిషిగా మంచోడే అయ్యుంటాడు, కుక్క అనేది సామెత లాంటిది, దాన్ని మీ కుటుంబానికి అన్వయించుకోవద్దు" అని రాసినా. చాలా మర్యాదగా వచ్చింది. దాంతో అంతా సర్దుకుంటుంది.

ఈస్టరుకు నేనే వస్తున్నా. వీడియోలో ఎంతని చూస్తాం. గోల్ వెనక కుర్చీ వేసుకుని ప్రత్యక్షంగా చూస్తే గానీ కీపరు తేలడు. నేను వస్తున్నట్టు జట్టుకు చెప్పొద్దు, కంగారు పడతారు.

తమ్ముడు
విక్టర్


బోడికొండపాలెం,
15 మార్చి 2024

విక్టరూ,

నువ్వు రాసిన క్షమాపణ అలివేలమ్మకు అందింది. దాన్ని పట్టుకొచ్చి నా మంచం మీద పెట్టి, "నువ్వే చదువుకో" అని తిరుగు రైలుకు పోయింది. ఈసారి పండ్లు తేలేదు. ఇంకెప్పుడన్నా ఎవరినన్నా క్షమాపణ అడగాలనిపిస్తే మరదలితో రాయించు.

నీ కొడుకు సంగతి నాకు ఉగాది నుంచి తెలుసు. పోయిన ఉగాది.

ఇక్కడ అంతా తలకిందులైంది. శనివారం కంభం వాళ్లతో మ్యాచ్. నాలుగు గోల్స్ పడినాయి. నాలుగూ మన పవన్‌కే. మనోళ్లు ఒకటి కొట్టినారు. ఆటయ్యేసరికి ఊరంతా నీ మాటే అంటాంది. విక్టరు ముందే చెప్పినాడు, రాజరత్నం తాత ఉంటేనా, ఇమ్మానుయేలు ఉంటేనా, ఇట్లాంటోణ్ణి పెట్టుకుని మార్కాపురం పోతే పరువు పోతుంది అని. పోయిన నెల అతన్ని భుజాల మీద మోసినోళ్లే.

పాపం ఆ పిల్లోడికి ముందురోజు నుంచి ఒంట్లో బాగాలేదు. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప మాట రాలేదు. మామూలుగా అయితే ఆటయ్యేదాకా అరుస్తానే ఉంటాడు గదా. ఒక ఆదివారం అతని అరుపుకు పాస్టరుగారి ప్రసంగం వినపడలేదని సంఘపెద్దలు పోయి అడిగినారు కూడా. ఆవేళ మాత్రం ఏమీ లేదు, చేతులూపడమే. నాగులు, ఎర్రయ్య ఒకే బాల్‌కు ఇద్దరూ పోయి గుద్దుకున్నారు. ఎర్రయ్యకు పన్ను కదిలింది. ఇంకోసారి ఇద్దరూ ఒకే పక్కకు పోయినారు, రెండోపక్క కంభం వాడు నడుచుకుంటా వచ్చి కొట్టిపోయినాడు.

పొద్దుగూకేటప్పుడు పవన్ ప్యాడ్లు తెచ్చి మన వరండాలో పెట్టినాడు. అవి జట్టువి గదా, మనింట్లోనే ఉంటాయి. ఇంక ఆడను అని సైగ చేసినాడు. మంచినీళ్లు ఇస్తే తాగి పోయినాడు. రమ్య ఆరోజు ఇంట్లోనే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. తెల్లారినాక రమ్య ఆ ప్యాడ్లు ఎండలో పెట్టి, దుమ్ము దులిపి, వార్లు తుడిచింది. ఎందుకమ్మా అంటే, "ఎవరు వేసుకున్నా శుభ్రంగా ఉండాల గదా" అంది. ఆ పిల్ల తిండి సరిగా తినడంలేదు, విక్టరూ. నేను పెద్దగా ఎవరినీ ఏమీ అడగను. నువ్వు వచ్చి ఏదో ఒకటి తేల్చు. వద్దంటే వద్దని నేనే చెప్పుకుంటా.

అక్క


గుంతకల్లు,
22 మార్చి 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి మీ మరదలిని కూర్చోబెట్టి, పాత వీడియో పెట్టించి, అందులో కీపరు ఏమన్నా అంటే అది కాగితం మీద రాయమన్నా. ఆమె రాసింది ఇది:

నాగులూ ఎడమ. ఎర్రయ్యా వెనక్కి, వెనక్కి. నీ వెనకోడు వస్తున్నాడు. నాగులూ ఆగు. ఆగు. ఇప్పుడు పో.

ఇట్ల రెండువైపులా రాసి, చెయ్యి నొప్పని మానేసింది. ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని నేను వీడియో మళ్లీ చూసినా. ఎడమ అన్న చోట నాగులు ఎడమకు పోతున్నాడు. ఆగు అన్న చోట ఆగుతున్నాడు. నేను బ్యాక్‌లకు కండ్లు వెనక ఉన్నాయనుకున్నా. ఉన్నది గోల్లో.

నాకు వినపడలేదు కాబట్టి నేను గుంజ అన్నా. బాల్ రాలేదని కూడా అన్నా. అతను రానీయలేదు. గొంతు పోయిన రోజు బ్యాక్‌లు గుద్దుకున్నారంటే ఇంక వేరే రుజువు అక్కరలేదు.

రెండు రోజులుగా బావ గురించి ఆలోచిస్తున్నా. బావ గోల్లో ఉన్న కాలమంతా ఆయన కింద పడింది నాకు గుర్తుకు రావడంలేదు. పడటం చేతకాదనుకునేవాళ్లం. నా మోచేతుల మీద మచ్చలున్నాయి, ఆయనకు లేవు. నేను అన్నిసార్లు దూకాల్సి ఎందుకొచ్చిందో, నా బ్యాక్‌లు చెట్టుకింద ఎందుకు నిలబడినారో, వాళ్లను ఎవరన్నా పిలిచినారా లేదా, ఇదంతా చూడాల్సి ఉంది. ఇంకా తేల్చలేదు.

ప్యాడ్లు అతనికి పంపించు. రమ్యతో పంపించు. గొంతుకు మిరియాల కషాయం పట్టించమను, మజ్జిగ మాన్పించమను. ఈస్టరు ముందు శనివారం దిగుతా.

విక్టర్


గుంతకల్లు,
6 ఏప్రిల్ 2024

అక్కా,

ఇంటికి చేరినా. రైల్లో సీటు దొరికింది. నువ్విచ్చిన కందిపప్పు మీ మరదలు జల్లెడ పట్టింది.

రమ్య ప్యాడ్లిస్తే మళ్లీ ఆటకు దిగిన పవన్ వెనకే మార్కాపురంలో మూడు రోజులూ కూర్చున్నా. మొదటి రెండు మ్యాచ్‌లు మనం గెలిచినాం, గోల్ పడలేదు. గొంతు బాగానే ఉన్నట్టుంది, మెడ నరాలు ఉబ్బుతున్నాయి. ఏ మాటకు ఎవరు కదులుతారో నాకు తెలిసిపోయింది. మనిషి మంచోడు. ఎర్రయ్య తప్పు చేస్తే తర్వాత అతని భుజం తట్టినాడు. నేను ఆడిన రోజుల్లో బ్యాక్‌ల మీద రాళ్లేసేవాణ్ణి.

ఫైనల్లో పడిన ఆ ఒక్క గోల్ మాత్రం నాకు అర్థం కాలేదు. ఎంత ఆలోచించినా కావడంలేదు. ఆ బాల్ ముసలమ్మ నడిచినట్టు వచ్చింది. కాలు అడ్డం పెడితే చాలు. అతను మైదానం వైపు కాకుండా వెనక్కి తిరిగి నా వైపు చూస్తున్నాడు. నేను కుర్చీలో కదలకుండా కూర్చున్నా, అతన్ని ఏమీ అనలేదు. అప్పుడే అలివేలమ్మగారు వచ్చి పక్కన కూర్చుంటే, జరిగిందేదో జరిగింది, పిల్లల సంగతి మాట్లాడుకుందాం అని ఆమెతో మెల్లగా, గుట్టుగా రెండు మాటలు మాట్లాడినా. ఆమె సరేనంది. ఆ శుభవార్త ఆటయ్యాక అందరికీ చెప్దామనుకున్నా, ఓడిపోయినారు కదా అని ఊరుకున్నా. నీకు కూడా మరుసటిరోజు చెప్పినా.

అంత కీలకమైన సమయంలో వెనక్కి చూసే కీపరును ఎక్కడ పెట్టాలో తెలియడంలేదు. నువ్వు ఆడోళ్ల వైపు కూర్చున్నావు. నీకేమన్నా కనపడిందా.

విక్టర్


బోడికొండపాలెం,
14 ఏప్రిల్ 2024

విక్టరూ,

మెల్లగా, గుట్టుగా మాట్లాడినావా.

మైదానం అవతల ఐస్ బండివాడికి వినపడింది. "మా రమ్యను మీ పవన్‌కు ఇవ్వాలనుకుంటున్నాం, మీ ఉద్దేశమేంది" అని నువ్వన్నప్పుడు సగం జనం ఆట మానేసి అటు తిరిగినారు. అలివేలమ్మ పాపం ముందు మామూలుగానే చెప్పింది, మాకు ఇష్టమే అని. నువ్వు ఆ? అన్నావు. రెండోసారి కొంచెం పెద్దగా చెప్పింది. నువ్వు మళ్లీ ఆ? అన్నావు. అంపైరు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా నిలబడినాడు. మూడోసారి ఆమె నీ చెవి దగ్గర రెండు చేతులూ అడ్డం పెట్టి "మాకు ఇష్టమేనయ్యా" అని అరిచింది. అప్పుడు తిరిగినాడు పవన్. ఎవరు తిరగరు. బాల్ కాళ్ల మధ్య నుంచి పోయింది.

నువ్వు నాకు మరుసటిరోజు చెవిలో చెప్పినప్పుడు నేను కొత్తగా విన్నట్టు మొహం పెట్టినా. నీకు సంతోషంగా ఉండాలని.

రమ్య ఆడోళ్ల మధ్య నా పక్కనే ఉంది. అందరూ దాని వైపు చూస్తున్నారు. తల వంచుకుని కాళ్లకాడ గులకరాళ్లు ఏరి ఒకదాని మీద ఒకటి పెడతా కూర్చుంది. గోల్ పడినాక మాత్రం తలెత్తి, "అది లెక్కలోకి రాదు" అని నాతో అంది.

కప్పు పోయిందని ఊర్లో కొన్నిరోజులు నిన్ను తిట్టినారు. ఎవరో నన్ను కూడా అన్నారు. ఇప్పుడు తగ్గింది, ఎండలు ముదిరినాయి గదా, ఎవరికీ ఓపిక లేదు. ప్రధానం వచ్చే నెల మొదట్లో, పెండ్లి నెలాఖరుకు. మేనమామ చేయాల్సినవన్నీ చేయాలి. బట్టలు మరదలిని ఎంచమను, నువ్వు వద్దు.

ఒక ఇబ్బంది వచ్చింది. పవన్‌కు దొనకొండ వైపుకు బదిలీ అవుతుందంట. వాళ్ల ఊర్లో కూడా పిల్లకాయలు హాకీ జట్టు పెట్టుకుంటున్నారు. పెండ్లయినాక సొంతూరికి ఆడకుండా అత్తగారి ఊరికి ఎట్ల ఆడతాడు. మన జట్టోళ్లు వచ్చి, విజయత్తా, పిల్లనిచ్చి కీపరును పోగొట్టినావు అన్నారు. టీ పోసి పంపినా.

అక్క


గుంతకల్లు,
9 జులై 2024

అక్కా,

పెండ్లి అయిన అలసట ఇప్పటికి తీరింది. అలివేలమ్మగారు నాతో మాట్లాడి మాట్లాడి గొంతు పోగొట్టుకున్నారని విన్నా. ఆమెకు కూడా మిరియాల కషాయమే.

ఫైనల్లో పడిన ఆ గోల్‌ను గీత పెట్టి కొట్టేసినా. లెక్కలోకి తీసుకోలేదు.

మీరు జనవరిలో అడిగినదానికి ఇది నా జవాబు, ఊర్లో చదివి వినిపించు. నాయన మొదట. అందులో మార్పులేదు. నాయన తర్వాత ఇమ్మానుయేలు బావ. బాల్‌ను ఆపడం కంటే రాకుండా చూడటం పెద్ద పని, దాన్ని ఈ ఊర్లో ముందు చేసింది ఆయన. ఎవరికీ చూపించుకోలేదు, మనకూ కనపడలేదు. నేను ఎక్కడన్నది నన్ను ఎవరూ అడగలేదు.

పవన్ స్థానం ఖాళీ పెట్టినా. పక్షపాతం కాదు. ఇన్నాళ్లూ అతను మన వెనక నిలబడినాడు. మన వెనక ఉన్నోడు ఎంతటోడో మనకు తెలియదు, ఎదుటోడికి తెలుస్తుంది. అతను ఒకసారి మనకు ఎదురుగా నిలబడాలి. అప్పుడు రాయి.

రమ్యను అడిగినానని చెప్పు. వీడియో కాల్‌లో మాట్లాడాలంటే నవ్వుతాంది, నాకు వినపడదు, పండ్లు కనపడతాయి. బాగుందనుకుంటున్నా.

విక్టర్


బోడికొండపాలెం,
28 డిసెంబర్ 2024

విక్టరూ,

నువ్వన్న రోజు నిన్న వచ్చింది. క్రిస్మస్‌కు రమ్య, పవన్ వచ్చినారు. వాళ్ల వెనకాలే వాళ్ల ఊరి జట్టు ట్రాక్టర్లో దిగింది. మన మైదానంలోనే మ్యాచ్. నీ జవాబు అప్పుడే చదివి వినిపించినా గదా, మీ బావ పేరు కాడ టీ దుకాణం మనుషులు గ్లాసులు కింద పెట్టినారు. తర్వాత ఒకాయన, అవును, ఇమ్మానుయేలు ఉన్నప్పుడు మనకు ఆట త్వరగా అయిపోయినట్టుండేది అన్నాడు. నేను ఇంటికి వచ్చి కాసేపు కూర్చున్నా. ఏమీ చేయలేదు, ఊరికే కూర్చున్నా.

మ్యాచ్ చెప్తా. వాళ్ల జట్టులో సగం మందికి స్టిక్ ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. మనోళ్లు పది కొడదామని దిగినారు. మన గోల్లో ఎర్రయ్య నిలబడినాడు, ఇంకెవరూ లేక. నాగులు బ్యాక్ మానేసి ముందుకొచ్చినాడు, అల్లుడి మీద నేనే కొట్టాల అని.

ఒక్కటి కూడా పడలేదు. ఆ స్టిక్ పట్టడం రాని పిల్లకాయలను పవన్ నోటితోనే నడిపించినాడు. నువ్వు ఇటు, నువ్వు అటు, వంగు, లెయ్యి అని. మనోళ్లు ఎటు పోయినా ఎవడో ఒకడు ముందే నిలబడి ఉన్నాడు. ఆట అయిపోవస్తుందనగా నాగులు ఒంటరిగా దొరికినాడు. ముందర పవన్ తప్ప ఎవరూ లేరు. స్టిక్ ఎత్తినాడు. పవన్ అరిచినాడు, "నాగులూ ఆగు" అని.

నాగులు ఆగినాడు.

పవన్ నడుచుకుంటా వచ్చి బాల్‌ను మన గోల్ వైపుకు గట్టిగా తన్నినాడు. నాగులు ఇంకా స్టిక్ ఎత్తుకునే ఉన్నాడు. ఎందుకాగినావురా అని ఊరంతా అడిగింది. "ఆగమన్నాడు గదా" అన్నాడు. రాత్రి అన్నం కూడా తినలేదంట. అటు పోయిన బాల్ మన గోల్ ముందర ఊరికే నిలబడిన వాళ్ల పిల్లోడి కాళ్లకాడ పడింది, వాడు కండ్లు మూసుకుని కొట్టినాడు, ఎర్రయ్య కూడా కండ్లు మూసుకున్నాడు. ఒకటి సున్నా. మనం ఓడిపోయినాం.

నీ ఖాళీ ఇంక నింపుకో. నా మాట అడిగితే మాత్రం మీ బావ తర్వాతే రాయి.

నేను ఎటువైపు కూర్చోవాలో తెలియక రమ్యతోపాటు వాళ్ల గోల్ వెనక కూర్చున్నా. ఆటయ్యాక మన ఊరోళ్లంతా తలకాయలు దించుకుని ఇండ్లకు పోయినారు. నేనూ దించుకున్నా. ఎత్తితే నా నవ్వుమొహం కనపడుతుంది.

మీ అక్క
విజయమ్మ